ఏ. పళ్లిపట్టిలో తొమ్మిది ఆదివారాలు

2004 జూన్‌లో నన్ను ధర్మపురి జిల్లాలోని ఒక బ్లాకు వనరుల కేంద్రానికి ఉపాధ్యాయ శిక్షకుడిగా వేశారు. అంతకుముందు పదహారేళ్లు ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పాను. కొత్త పనిలో పిల్లలకు పాఠం చెప్పడం లేదు. చెప్పేవాళ్ల తరగతిలో వెనక బల్లమీద కూర్చుని చూడాలి, నెలకొక శనివారం చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి శిక్షణ ఇవ్వాలి. నాకు అప్పగించిన గుంపులో పద్నాలుగు మంది ఉన్నారు. అందరూ ఒకటి, రెండు తరగతులకు తమిళం చెప్పేవాళ్లే.

చేరగానే బడి నుంచి పోయిన పిల్లలను లెక్కపెట్టాను. నాకు గణితంలో పట్టా లేదు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, ఇంట్లో తెలుగే మాట్లాడినా నలభై దాటాక దాని లిపి నేర్చుకున్నట్టే. ఏ. పళ్లిపట్టి అనే ఊరికి తూర్పున ఒక ఊరి బడి తీసుకున్నాను; ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఐదేళ్ల కిందట అక్కడ ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ముప్పై ఒకరు. ఐదో తరగతిలో మిగిలినవాళ్లు పదిహేడు మంది. పోయిన పద్నాలుగు మందిలో ముగ్గురు పట్టణంలో ఇంగ్లీషు బడికి వెళ్లారు. ఇద్దరిని తల్లిదండ్రులు బెంగుళూరు కట్టడం పనులకు వెళ్తూ వెంట తీసుకుపోయారు. ఒకరు జ్వరంతో చనిపోయారు. మిగిలిన ఎనిమిది మంది ఊళ్లోనే ఉన్నారు, బడికి రావడం మానేశారు. ఆ ఎనిమిది ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. ఎనిమిది మందినీ బడిలో మెల్లగా నేర్చుకునేవాళ్ల కింద రాశారు.

ఆ ఏడాది ఒకటో తరగతిలో ఇరవై ఇద్దరు చేరారు. పదిహేను మంది తెలుగు ఇళ్ల పిల్లలు. నలభై నిమిషాల పాఠంలో ఈ పదిహేను మంది తమంతట తాము మాట్లాడిన మాటలు నాలుగు. అందులో రెండు ఒంటేలుకు పోవడానికి అనుమతి అడిగినవి. టీచరు చెప్పింది అందరూ కలిసి గట్టిగా అప్పగించడం నేను లెక్కలోకి తీసుకోలేదు.

జూలైలో ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఆర్ముగం గారు ఆరుగురు పిల్లల పేర్లు పైకి పంపారు. ప్రతి ఏడాదీ జనవరిలో వనరుల కేంద్రంలో వైద్య శిబిరం జరుగుతుంది. బుద్ధిమాంద్యం అనో, వినికిడి లోపం అనో అక్కడ ధ్రువీకరించిన పిల్లలను బ్లాకు కేంద్రంలోని ప్రత్యేక పగటి బడికి పంపుతారు. అవసరమైన పిల్లలకు అది మంచి ఏర్పాటే. కానీ ఒకసారి అక్కడికి పోయినవాళ్లు మామూలు తరగతికి తిరిగి రావడం నేను చూడలేదు. ఆరుగురిలో మొదటి పేరు రాజి. ఆరేళ్ల పిల్ల. వేరుశనగ పండించే తెలుగు కుటుంబం. రోజూ వచ్చి కిటికీ పక్కన కూర్చునేది, నోరు విప్పేది కాదు. ఆమెకు ఏ లోపమూ లేదనే నా అనుమానం. జనవరిలో ఆ పిల్ల డాక్టరు ముందు మాట్లాడకపోతే ఆ అనుమానానికి విలువ లేదు.

తెలుగు ఇళ్ల పిల్లలకు తమిళం చెప్పే పద్ధతిపై శిక్షణ కావాలని ఆఫీసుకు రాశాను. ఆగస్టు శనివారానికి చిత్తూరు వైపు నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి పిలిపించారు. మర్యాదస్తుడు, శ్రద్ధగా సిద్ధమై వచ్చాడు. అక్షరాల పటాలు, బొమ్మల కింద అచ్చు మాటలు, పద్యాలు తెచ్చాడు. పద్నాలుగు మందీ పుస్తకాలు తెరిచి వినయంగా విన్నారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆయన తెలుగులో అడిగితే తలలు వంచుకున్నారు. నేను దాన్ని తమిళంలోకి మారిస్తే తలలు ఊపారు.

మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి బావి వైపు వెళ్లాను. గోడ అవతల ఇద్దరు టీచర్లు అన్నం పొట్లాలు విప్పుతూ మాట్లాడుకుంటున్నారు.

"అక్కా, ఆయప్ప చెప్పేది నీకేమన్నా ఎక్కెనా?"

"ఎక్కింది. నిద్దర."

"మన ఇంట్లో మాట్లాడేదానికి పటం చూసి నేర్చుకోవల్లంటనా? మా అత్త ఇంటే నవ్వి సస్తాది."

నన్ను చూడగానే ఇద్దరూ తమిళంలోకి దూకి, భోజనం అయిందా సార్ అని అడిగారు.

"తినినానమ్మా. మీరు తెలుగులోనే మాట్లాడండి, నేనెవురికీ చెప్పను," అన్నాను.

అందులో చిన్నామె పేరు వసంత. నేను లెక్కపెట్టిన బడిలో ఒకటో తరగతి ఆమెదే. సాయంత్రంలోగా ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది ఇళ్లలో తెలుగే. అంత దూరం నుంచి తెలుగు మనిషిని రప్పించి, పదకొండు మంది తెలుగువాళ్ల మధ్య కూర్చోబెట్టి, ఆయన మాటలు వాళ్లకు తమిళంలోకి మార్చి చెప్పాను. ఇంత చిత్రం మా వైపు తప్ప మరెక్కడా జరగదనుకుంటాను.

ఎందుకు దాచారని వసంతను అడిగాను.

"తెలుగు వస్తాదని రాసిస్తే హోసూరు తట్టు తెలుగు బడికి ఏసేస్తారు సార్. నాకు తెలుగు అచ్చరం ఒగటి రాదు. ఆడికి పోయి నేనేం చెప్పేది, నా బిడ్డల్ని ఎవురి దగ్గర ఇడిసేది?"

"హోసూరు ఇప్పుడు కృష్ణగిరి జిల్లా కదమ్మా. ఈ ఏడే జిల్లా రెండాయె."

"జిల్లా చీలింది సార్. బయం చీలలేదు."

ఆ భయం ఉత్తది కాదు. పాత ఉమ్మడి జిల్లాలో అలాంటి బదిలీలు ఉండేవని సీనియర్లు చెప్పుకునేవారు. అందుకే నేను ఎవరి మాతృభాషా ఏ కాగితం మీదా రాయనని మాట ఇచ్చాను. ఆ మాట తప్పలేదు. ఇక్కడ కూడా వసంత అన్నది అసలు పేరు కాదు.

సెప్టెంబరు నుంచి శనివారాల పని మార్చాను. వాళ్లకు తెలుగు నేర్పే అవసరం లేదు. తమకు వచ్చిన తెలుగును తరగతిలో ఎప్పుడు వాడాలి, ఎప్పుడు తమిళానికి మారాలి అన్నదే నేర్పవలసింది. పాఠం మొదట్లో పిల్లవాణ్ణి ఇంటి భాషలో ఒక సంగతి అడగాలి. టీచరుకు జవాబు ముందే తెలిసిన ప్రశ్న అయి ఉండకూడదు. ఇది ఏ రంగు అంటే పిల్లలు పలకరు. నిన్న మీ ఇంట్లో ఎవరు అలిగారు అంటే పలుకుతారు. వచ్చిన జవాబునే టీచరు తమిళంలో చెప్పి అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాలి. ప్రతి టీచరు బల్లమీద రెండు ఖాళీ సుద్దముక్కల డబ్బాలు పెట్టించాను. ఒక డబ్బాలో చింతగింజలు ఉంటాయి. పిల్లవాడు తనంతట తాను ఒక వాక్యం అంటే ఒక గింజ రెండో డబ్బాలోకి పోవాలి. పేర్లు పైకి పోయిన పిల్లలకు విడిగా ఆముదం గింజలు. సాయంత్రం రెండో డబ్బా లెక్కపెడితే ఆ రోజు పాఠం ఎలా నడిచిందో తెలుస్తుంది.

నెల తిరిగేసరికి, నాలుగు మాటలతో మొదలైన వసంత తరగతిలో చింతగింజలు ముప్పై దాటాయి. ఎక్కువ భాగం తెలుగు వాక్యాలే. రాజి పేరుమీద ఒక్క ఆముదం గింజ కదల్లేదు.

అక్టోబరులో నేను ఆ బడిలో ఉన్నప్పుడే రాజి అవ్వ జయమ్మ గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమ్మా టీచరమ్మా, తెలుగు నేర్చేదానికా నా మనవరాల్ని బడికి పంపించేది? తెలుగు నేను చెప్పలేనా ఇంట్లో? అరవం చెప్పండి తల్లీ, అరవం! నా కొడుకు తాలూకాఫీసులో నోరు తెరవలేక చేతులు కట్టుకోని నిలబడేది చాలదా? ఇది గూడా నిలబడల్లనా?"

గొంతు విని ఆర్ముగం గారు బయటికి వచ్చారు. ఆయన ధర్మపురి పట్టణం మనిషి, తెలుగు ఒక్క ముక్క తెలియదు. ఆమె ఏమంటోందని వసంతను తమిళంలో అడిగారు. ఏమీ లేదు సార్ అంది వసంత.

జయమ్మ ఆయన వైపు తిరిగింది. "ఈయప్ప చూడు! బిడ్డలకు చదువు చెప్పేది ఇడిసిపెట్టి, సత్తుణవు గుడ్లు తిని తిని కడుపు పెంచినాడు!" సత్తుణవు అంటే బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం.

తన గురించే ఏదో అన్నదని ఆయనకు అర్థమైంది. మళ్లీ అడిగారు. వసంత నేల చూసింది, నేను గోడ చూశాను.

కిటికీ పక్క నుంచి సన్నని గొంతు వినిపించింది. "పాట్టి సొల్లుదు, నీంగ ముట్టె తిన్ను తిన్ను వయిత్తె వళత్తుట్టీంగళాం." గుడ్లు తిని తిని మీరు కడుపు పెంచారని అవ్వ చెబుతోంది అని. రాజి. తప్పులేని తమిళం.

ఆర్ముగం గారు ఒకసారి తన కడుపు చూసుకున్నారు. తర్వాత ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, ఇంకా ఏమన్నది అని నెమ్మదిగా అడిగారు. రాజి మొదటి నుంచి చెప్పింది. తెలుగు ఇంట్లో తానే చెప్పగలనన్నది, తాలూకాఫీసులో తండ్రి చేతులు కట్టుకుని నిలబడేది, అన్నీ వరసగా. వసంత చెయ్యి అలవాటుగా కదులుతూనే ఉంది. రెండో డబ్బాలో ఆముదం గింజలు పదకొండు పడ్డాయి.

"ఓసి నా తల్లీ," అంది జయమ్మ, "ఇదంతా చెప్పేస్తివా!"

పిల్లలు వెళ్లాక ఆర్ముగం గారు నన్ను కూర్చోమన్నారు. పైకి పంపిన పేరును తాను వెనక్కి తీసుకోలేననీ, శిబిరంలో డాక్టరు కొట్టివేస్తేనే పోతుందనీ చెప్పారు. డాక్టరు ముందు ఈ పిల్ల మళ్లీ నోరు మూసుకుంటే ఏం చేస్తారని అడిగారు. ఇంటికి వెళ్తూ బస్సులో ఆలోచించాను. నాలుగు నెలలు మేమందరం అడిగితే పలకని పిల్ల ఆయన అడిగితే ఎందుకు పలికింది? మా అందరికీ తెలుగు తెలుసు. ఆ గదిలో ఆ మాటల అవసరం నిజంగా ఉన్నది ఆయన ఒక్కడికే.

ఈ ఆలోచనను నవంబరు శనివారం శిక్షణలో పెట్టాలనుకున్నాను. అంతలో జయమ్మ, మరికొందరు కలిసి బడిలో తెలుగు చెబుతున్నారని సహాయ ప్రాథమిక విద్యాధికారికి మనవి ఇచ్చారు. బ్లాకులో ప్రాథమిక బడులన్నీ ఆయన కిందే ఉంటాయి. ఆయన నన్ను పిలిచి, ఆమోదించిన శిక్షణాంశాల్లో ఇది లేదు, శనివారాల్లో ఇక నడపవద్దు అన్నాడు. పై నుంచి ఉత్తరువు రావాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. వచ్చే విద్యా సంవత్సరంలో చూద్దామన్నాడు. శిబిరానికి పది వారాలే ఉంది.

శనివారం పోయింది కాబట్టి ఆదివారం మిగిలింది. ఏ. పళ్లిపట్టి కూడలిలో వసంత మామగారికి ఎరువుల అంగడి ఉంది. ఆదివారం మూత. వెనక గోడౌనులో యూరియా మూటలమీద కూర్చున్నాం. ఉత్తరువు లేదు, హాజరు పట్టీ లేదు, ప్రయాణ భత్యం లేదు. రమ్మని ఎవరినీ ఒత్తిడి చేయలేదు. మొదటి ఆదివారం ఆరుగురు వచ్చారు.

"ఇది ట్రెయినింగా, సంతనా?" అని వసంత అత్తగారు కాఫీ పోస్తూ అడిగింది. "సంతైతే ఈపాటికి నాలుగు మూటలు అమ్మింటారు."

అక్కడ చేసిన అభ్యాసం ఇది. ఒక టీచరు తన ఇంటి పని ఒకటి తెలుగులో చెబుతుంది. రెండో టీచరు పిల్లవాడి పాత్రలో ఆ సంగతి మోసుకుపోయి, తెలుగు రాని మూడో మనిషికి తమిళంలో అందించాలి. ఆ మూడో మనిషి విన్నదాన్ని బట్టి పని చేసి చూపించాలి. మా గుంపులో తెలుగు రానివాళ్లు ముగ్గురే. అందులో సెల్వి టీచరు మొదటి రోజు నుంచీ వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకు రాని విద్య ఉపయోగపడింది ఇప్పుడేనని నవ్వింది. ఒక ఆదివారం జొన్న సంగటి కెలికే విధానం ఆమెకు అందేసరికి, ఆమె చేసి చూపించింది బట్టలు ఉతకడంలా ఉంది.

కష్టమల్లా మధ్యలో ఆగిపోయిన పిల్లవాడితో. టీచరుకు నోరు ఊరుకోదు, వెంటనే మాట అందించేస్తుంది.

"తప్పు మాట్లాడితే దిద్దొద్దా సార్?" అని ఒకామె గట్టిగానే పోట్లాడింది. "తప్పులోనే ఇడిసిపెట్టేదానికా జీతమిచ్చేది?"

"దిద్దమ్మా. సంగతి అవతల చేరినాక దిద్దు. దారిలో దిద్దితే వాడు మూట కింద పెట్టేసి పోతాడు."

చివరికి అందరం ఒప్పుకున్న పద్ధతి ఏమిటంటే, పిల్లవాడు ఆగితే ఆగనివ్వాలి. చేత్తో చూపిస్తే చూపించనివ్వాలి. తమిళ వాక్యంలో ఒక తెలుగు మాట పడితే పడనివ్వాలి. అవతలి మనిషికి అర్థమయ్యాక పూర్తి వాక్యం ఒకసారి టీచరు అనాలి, పిల్లవాడు ఒకసారి అనాలి. అంతే.

బడిలో ఆ తెలుగు రాని మనిషి పాత్ర ఆర్ముగం గారిది. ఉదయం ప్రార్థన అయ్యాక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రోజుకు నలుగురు పిల్లలు ఇంటి నుంచి ఒక్కొక్క వార్త తెచ్చి ఆయనకు తమిళంలో చెప్పాలి. అర్థం కాకపోతే ఆయన మొహమాటం లేకుండా మళ్లీ అడిగేవారు. డిసెంబరుకల్లా ఊళ్లో ఏ ఇంట్లో ఆవు ఈనిందో, ఎవరి మోటారు కాలిందో కరణం కన్నా ముందు ఆయనకు తెలిసేది.

జయమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు తగ్గించి వసంతతో మాట్లాడింది.

"మా ఇంటి గుట్టంతా ఈయప్పకు చెప్తా ఉండాదంట గదా ఇది! నా కోడలు నాతో మాట్లాడనిది గూడా చెప్పిందంట!"

"చెప్పింది అవ్వా. అరవంలోనే చెప్పింది."

జయమ్మ వరండాలో ఆర్ముగం గారి కుర్చీ వైపు చూసింది. "శిబిరానికి ఎవురు పిల్చుకోని పోవల్ల?" అని అడిగింది. తల్లిదండ్రుల్లో ఒకరు గానీ అవ్వ గానీ అన్నాం. "నేనే వస్తాను," అని వెళ్లిపోయింది.

జనవరి చివరివారంలో శిబిరం. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు, ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు పరీక్షించేవాళ్లు. బడి టీచర్లకు లోపలికి అనుమతి లేదు. వసంత బయట నిలబడింది. వనరుల కేంద్రం మనిషిని కాబట్టి నేను లోపల ఉన్నాను, మాట్లాడే హక్కు లేకుండా. పిల్లలకు బొమ్మల అట్టలు చూపిస్తారు, పేరు చెప్పమంటారు. గొడుగు చూపించారు. రాజి పలకలేదు. ఆవును చూపించారు, తాళం చూపించారు. పలకలేదు. ఆ పిల్ల తప్పేం లేదు, అది ఆవు అని డాక్టరుకు ముందే తెలుసు. ఆయన కలం తీసి, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని జయమ్మను తమిళంలో అడిగాడు.

జయమ్మ నలభై ఏళ్లుగా సంతలో వేరుశనగ అమ్మిన మనిషి. ఆమె తమిళంలో బేరం మొదలుపెడితే వ్యాపారులు పక్కకు తప్పుకునేవారు. ఆ రోజు డాక్టరు ముఖం చూసి, చేతులు కట్టుకుని, తెలుగులో చెప్పింది.

"నాకు అరవం రాదు సామీ. ఈ బిడ్డకు రాతిరి దగ్గు. ఆ మందేదో రాసీయండి."

డాక్టరుకు అర్థం కాలేదు. ఏమంటున్నారని మళ్లీ అడిగాడు. జయమ్మ ఇంకా నెమ్మదిగా అదే మాట తెలుగులో అంది. మూడోసారి అడిగినప్పుడు ఆయన అవ్వ వైపు నుంచి పిల్ల వైపు చూశాడు. రాజి తమిళంలో చెప్పింది, తనకు రాత్రిపూట దగ్గు వస్తుందని, అవ్వ మందు అడుగుతోందని. ఎన్ని రోజులుగా అని డాక్టరు. నాలుగు రోజులని, అవ్వ మిరియాల కషాయం పోసిందని, అది కారంగా ఉంటే ఉమ్మేశానని రాజి.

"ఉమ్మేస్తివా?" అంది జయమ్మ, తెలుగులోనే. తమిళం వచ్చిన సంగతి అప్పటికీ బయటపెట్టలేదు.

డాక్టరు రాజి పేరు కొట్టివేసి, దగ్గు మందు రాసిచ్చాడు. ఆ రోజు ఆరుగురిలో నలుగురి పేర్లు పోయాయి. ఒక కుటుంబం శిబిరానికి ముందే బెంగుళూరు వెళ్లిపోయింది, ఆ పిల్లవాడి సంగతి నాకు తెలియదు. ఆరోవాడికి నిజంగానే రెండు చెవుల్లో వినికిడి తక్కువని తేలింది. వాడికి వినికిడి పరికరం ఇచ్చి అదే బడిలో ముందు వరసలో కూర్చోబెట్టారు. తరగతిలో అందరూ మౌనంగా ఉన్నన్నాళ్లు వాడి మౌనం ఎవరికీ వేరుగా కనిపించలేదు. మిగతా వాళ్లు మాట్లాడడం మొదలుపెట్టాకే వాడు దొరికాడు. రాజి ఆ బడిలోనే ఐదో తరగతి ముగించింది.

ఆ తర్వాత పదమూడేళ్లు శిక్షకుడిగా పనిచేశాను. ఆ ఏడాది నేర్చుకున్నది రెండు మాటల్లో చెప్పగలను. శిక్షణ మొదలుపెట్టే ముందు గదిలో ఉన్నవాళ్లకు ఇప్పటికే ఏమి వచ్చో, దాన్ని ఎందుకు దాస్తున్నారో తెలుసుకోవాలి. పిల్లలకు కొత్త భాష రావాలంటే, ఆ భాషలో తప్ప వినలేని మనిషి ఒకడు వాళ్లు చెప్పేదాని కోసం నిజంగా ఎదురుచూస్తూ ఉండాలి. మిగతా పద్ధతులన్నీ ఈ రెండింటి తర్వాతే.

ఆదివారాల సంగతి ఇంకొకటి ఉంది. సెలవు రోజు పనిచేసిన ఉపాధ్యాయుడికి బదులు సెలవు ఇవ్వాలి, అది నియమం. శిబిరం ముగిశాక ఆ టీచర్ల తరఫున నేను అర్జీ పెట్టాను. ఉత్తరువు లేని శిక్షణకు హాజరు ఉండదు, హాజరు లేనిదానికి సెలవు ఉండదు అని జవాబు వచ్చింది. అధికారి మారినప్పుడల్లా మళ్లీ పెట్టాను. ఒకాయన చదివి, "ఉత్తరువు లేకుండా వచ్చారంటే ఇష్టపడి వచ్చారు గదా, ఇష్టానికి సెలవెందుకు?" అని నవ్వి, చివరి ఆదివారం మాత్రం శిబిరం ఏర్పాట్ల కింద వస్తుందని, ఆ రోజు వచ్చినవాళ్లకు తలా ఒకటి చొప్పున పదమూడు రోజులు మంజూరు చేశాడు. తొమ్మిది ఆదివారాల్లో వచ్చినవాళ్లు వరుసగా ఆరు, ఎనిమిది, పది, పదకొండు, పదకొండు, పన్నెండు, పదమూడు, పదమూడు, పదమూడు. మొత్తం తొంభై ఏడు. ఇచ్చింది పోను ఈ రోజుకీ రావలసినవి ఎనభై నాలుగు రోజులు.